సాముయేలు తెలుగు చేసిన హత్యలు

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు హిమాయత్‌నగర్‌లో ఎవరో ఒకరు హత్యకు గురయ్యేవారు. హిమాయత్‌నగర్ అంటే సిటీలో ఉన్నది కాదు. చేవెళ్ల రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వచ్చే ఊరు. చచ్చేవాళ్లు కూడా ఊరివాళ్లు కారు, ఇంగ్లీషువాళ్లు. వందేళ్ల కిందటి అపరాధ పరిశోధన కథలను వారానికొకటి చొప్పున అరగంట నాటకాలుగా తీసి ఒక ఛానెల్లో వేస్తుంటే, బీరమ్మ ఇంటి టీవీలో చచ్చేవారు. చంపినవాడిని పట్టుకునేది పొడుగాటి గొడుగు పట్టుకుని తిరిగే ఒక సన్నటి మనిషి. ఎందుకు చంపాడో చెప్పేది మాత్రం సాముయేలు.

ఆదివారం ఆరాధన ముగించుకుని, అన్నాలు తిని, వాడలోని ఆడవాళ్లు ఎనిమిది మంది బీరమ్మ వాకిట్లో చేరేవారు. సోమవారం తెల్లవారే మెహిదీపట్నం పోవలసిన కొత్తిమీర, పాలకూర కుప్పలు పోసి ఉండేవి. చుట్టూ కూర్చుని కట్టలు కట్టడం వాళ్ల పని. కట్టలు కట్టేటప్పుడు కన్ను ఆకు మీద ఉండాలి, లేకపోతే కొత్తిమీరలో గడ్డి కలిసిపోతుంది. అందుకని బీరమ్మ టీవీని గడప దాకా జరిపి వాకిట్లోకి తిప్పినా, వాళ్లు అప్పుడప్పుడే తలెత్తి చూసేవారు. మిగతాదంతా చెవులతో చూసేవారు. ఆ చెవులకు సాముయేలు కావాలి.

అరవై ఎనిమిదేళ్ల సాముయేలు ఊళ్లో కాన్వెంటు చదువు చదివిన ఏకైక మనిషి. వాళ్లమ్మ సిటీలో సిస్టర్ల వంటింట్లో పనిచేసినన్నాళ్లు, అంటే అయిదో తరగతి దాకా, అక్కడ బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత మొయినాబాద్ సర్కారు బడి. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు చేవెళ్ల బస్సులో కండక్టరు. కాన్వెంటు నుంచి ఆయనకు మిగిలినవి నాలుగు పలకరింపులు, రెండు ప్రార్థనలు, కొంత గాంభీర్యం. వీటిలో గాంభీర్యమే జీవితంలో ఎక్కువ పనికొచ్చింది. బస్సులో ఆయన చెప్పే కథలు వింటూ దిగవలసిన చోట దిగకుండా పోయినవాళ్లు చాలామంది. ఒక పెళ్లికొడుకైతే తన పెళ్లే దాటిపోయి, చేవెళ్లలో దిగి, అక్కడ జరుగుతున్న ఇంకొకరి పెళ్లిలో భోజనం చేసి వచ్చాడట. ఈ సంగతి చెప్పేది కూడా సాముయేలే.

టీవీ వ్యవహారం బీరమ్మ ఇంట్లో రీచార్జి అయిపోవడంతో మొదలైంది. తెలుగు ఛానెళ్లన్నీ ఆగిపోయి, ఉచితంగా వచ్చే ఇంగ్లీషు ఛానెల్ ఒక్కటి మిగిలింది. కేబుల్ పాండు ఫోన్ ఎత్తడం లేదు. తెర మీద ఒక పెద్ద బంగళా, గులాబీ తోట, మంచం మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న తెల్లజుట్టు ముసలావిడ కనిపించారు. సాముయేలు పాలకూర కోసం వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"సామేలన్న, ఆ అవ్వ ఎందుకేడుస్తున్నది?" అని పక్కింటి సాలమ్మ అడిగింది.

సాముయేలుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెర మీది మనుషులు నోట్లో వక్క పెట్టుకున్నట్టు మీసాల్లోకి మాట్లాడుకుంటున్నారు. తెల్వదు అనే మాట గొంతు దాకా వచ్చింది. ఎనిమిది ముఖాలు ఆయన వైపు తిరిగి ఉన్నాయి. కాన్వెంటు గాంభీర్యం ఆ మాటను అక్కడే ఆపేసింది.

"భూమి లొల్లి," అన్నాడు.

కట్టలు కట్టే చేతులు ఆగిపోయాయి. మొయినాబాద్ మండలంలో ఆ మాటకు రెండో వివరణ అక్కర్లేదు. బీరమ్మ లేచి ఆయనకు కుర్చీ తెచ్చి వేసింది.

ఇక వెనక్కి తగ్గడానికి దారి లేదు. ముసలావిడ పేరు ఎలిసమ్మ అన్నాడు. ఆమెకు పద్దెనిమిది గుంటల జాగ, దాన్నిండా పోయిన మొగుడు పెట్టిన గులాబీలు. నల్లకోటు వేసుకున్న ఒకడు తోటలో అడుగులు లెక్కపెడుతూ నడుస్తున్నాడు.

"వాడెవడన్న?"

"ప్లాట్ల బ్రోకర్. జాగ కొలుస్తున్నడు."

"గొడుగాయన చాయ్ ఎందుకు వాసన జూస్తున్నడు?"

"అవ్వకు షుగరున్నది. చక్కెర ఏసిండ్రేమో అని పరేషాన్ అయితున్నడు."

"మంచోడే పాపం," అంది బీరమ్మ.

సంతకం పెట్టనన్నందుకు ఎలిసమ్మ తెల్లవారేసరికి చచ్చిపోయింది. గొడుగాయన అందరినీ హాల్లో నిలబెట్టి నల్లకోటువాడి వైపు వేలు చూపించాడు. పోలీసులు వాడిని పట్టుకుపోయారు. వెనకే పనిపిల్లనూ తీసుకుపోతుంటే, సాక్ష్యం చెప్పడానికి పోతున్నదని సాముయేలు అన్నాడు. సాలమ్మ ఏడ్చింది. ఏడుస్తూ కట్టిన కట్టలు ఎంత లావుగా ఉన్నాయంటే, మర్నాడు మెహిదీపట్నంలో ఒక్క కట్ట కొన్నవాళ్లు మూడు రోజులు పచ్చడి నూరుకున్నారు. బుధవారం ప్రార్థన కూటంలో బీరమ్మ లేచి, దిక్కులేనిదైపోయిన ఎలిసమ్మ పనిపిల్లకు ఆదరణ దయచేయమని ప్రార్థించింది. ఎలిసమ్మ ఏ ఊరి మనిషో తెలియకపోయినా పాస్టరయ్య ఆమెన్ అన్నాడు.

మర్నాడే రీచార్జి చేయించారు, తెలుగు ఛానెళ్లన్నీ వచ్చాయి. అయినా ఆదివారం మూడయ్యేసరికి గొడుగాయనే కావాలన్నారు.

అలా పద్దెనిమిది వారాలు గడిచాయి. చంపినవాడెవడో తెర మీద అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాన్ని సాముయేలు మార్చలేడు. వాడు ఏ పని చేసేవాడో మాత్రం ఆయన చేతిలో ఉంది. డాక్టరు బట్టల్లో ఉన్నవాడు, పోలీసు బట్టల్లో ఉన్నవాడు, ఒకసారి చేతికర్రతో నడిచే ముసలి దొరసాని కూడా, తీరా చూస్తే ప్లాట్ల బ్రోకర్లే అని తేలింది. వేషం వేసుకొచ్చారన్నమాట.

దీనికి ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు భూపాల్. నలభై ఏళ్లవాడు. చిన్న మంగళారం నుంచి ఇటు దాకా ఫామ్‌హౌసు ప్లాట్లన్నీ అతని చేతి మీదుగానే అమ్ముడవుతాయి. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే రోడ్డు మీది హోటల్లో సాముయేలు కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తి, "చెప్పన్నా, ఈస్ట్ ఫేసింగే, ఫికర్ చెయ్యకు," అని గట్టిగా మాట్లాడేవాడు. వినేవాళ్లంతా కథ వదిలి ఆ ప్లాటు గురించి ఆలోచనలో పడేవారు. బస్సు ఇంజను చప్పుడును ముప్పై ఒక్క ఏళ్లు ఓడించిన సాముయేలు ఒక్క ఫోను చేతిలో ఓడిపోయాడు. దానికి ఈ రకంగా బదులు తీర్చుకుంటున్నాడు.

బదులు కాస్త గట్టిగానే తగిలింది. సిటీ నుంచి వచ్చిన ఒక జంటకు భూపాల్ జాగ చూపిస్తూ నాలుగడుగులు వేస్తే, పక్క చేన్లో కలుపు తీస్తున్న సాలమ్మ నడుం ఎత్తి, "ఎన్నడుగులాయె భూపాల్? ఇంట్ల అవ్వ పాణం మంచిగున్నదా?" అని పలకరించింది. ఆ జంట మళ్లీ రాలేదు.

భూపాల్ హోటల్లో సాముయేలు ఎదుట కూర్చున్నాడు.

"కాకా, ఇంగ్లండుల గూడ బ్రోకర్లేనా చంపేది? వేరే పని చేసేటోడు ఎవడు చంపడా?"

"నేనేం జేస్త కొడుకా. ఇంగ్లీషుల ఏమున్నదో గదే చెప్తున్న."

"మంగలోడు, మేస్త్రీ, డ్రైవరు, ఒక్కడన్న చంపకపాయెనా పద్దెనిమిది వారాల్ల?"

"డ్రైవర్లు మంచోళ్లు," అన్నాడు సాముయేలు, పాత స్నేహం గుర్తొచ్చి.

భూపాల్ చాయ్ సగంలో వదిలి లేచాడు. ఆ ఆదివారం మాత్రం బీరమ్మ వాకిట్లోకి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. కథ ముగింపుకు వచ్చింది. తెర అడుగున ఎర్ర పట్టీ మీద తెలుగు అక్షరాలు జరిగిపోతున్నాయి. ముందు చూసింది సాముయేలే. చూసి గొంతు పెంచి, గొడుగాయన చేత ఎప్పుడూ అననంత పెద్ద మాటలు అనిపించాడు. ఆడవాళ్ల తలలు ఆకు మీదే ఉన్నాయి. కానీ భూపాల్ చేతుల్లో ఆకు లేదు.

"పెద్దమ్మా, కింద ఏమో రాసిండ్రు," అని బీరమ్మతో అని, ఒక్కో మాటా విడదీసి చదివాడు. వచ్చే ఆదివారం నుంచి ఈ కథలన్నీ, మొదటి భాగం నుంచి, తెలుగులో.

"మంచిగాయె," అంది సాలమ్మ. "సామేలన్న నోటికి జర రెస్టు."

"ఎలిసమ్మను మళ్ల చూడొచ్చు," అంది బీరమ్మ. "ఆమె మాట ఆమె నోటితోని ఇంటం."

భూపాల్ సాముయేలు వైపు చూసి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర పడేదాకా అవతలివాడిని చూసినట్టు మెత్తగా నవ్వాడు.

ఇంటికి వచ్చి సాముయేలు మంచం మీద పడుకుని దూలాలు లెక్కపెట్టాడు. ఆయన భార్య అరుణమ్మకు ఒక్కదానికే అసలు సంగతి తెలుసు. ఒకప్పుడు బస్సులో ఒక దొర ఇంగ్లీషులో దారి అడిగితే, తన మొగుడు సెల్యూట్ కొట్టి డ్రైవరు సీటు వెనక దాక్కున్నప్పుడు ఆమె ముందు సీట్లోనే ఉంది.

"ఒప్పుకో," అంది.

"ఏమని?"

"రాదని."

"ఇన్నేండ్లకా?"

"ఇప్పుడు గాకపోతే ఎప్పుడు, శవపెట్టెల పన్నంకనా?"

"వాళ్లు నవ్వుతరు అరుణా."

"నవ్వనియ్యి. నలభై రెండేండ్ల సంది నేను నవ్వుత లేనా, ఏమాయె?"

నవ్వితే ఫరవాలేదని సాముయేలుకూ తెలుసు. ఆయన భయం నవ్వు గురించి కాదు. రేపటి నుంచి తాను మొయినాబాద్‌లో వాన పడుతున్నదని చెప్పినా, వీళ్లు ఫోన్ చేసి కనుక్కుని గాని నమ్మరు. చెప్పేదాన్ని నమ్మే మనుషులు లేకపోతే సాముయేలు దగ్గర ఇక మిగిలేది పెన్షను, మోకాళ్ల నొప్పి.

మర్నాడు కేబుల్ పాండు దగ్గరికి పోయాడు. ఆదివారం మూడు నుంచి మూడున్నర దాకా వైరు జర ఊడబీకమని మర్యాదగా అడిగాడు.

"కాదు తాతా, ఆ టైముల మా అమ్మ నన్ను చంపుతది," అన్నాడు పాండు. "చిన్న మంగళారంల కూసొని ఆమె గూడ మీ కథనే ఇంటది. సాలమ్మత్త ఫోన్ చేసి కొత్తిమీర కుప్పల పెడ్తది, తెల్వదా నీకు?"

తెలియదు. అవమానం ఒక్క ఊళ్లోనే జరుగుతుందనుకున్నాడు. రెండు ఊళ్లలో అన్నమాట.

శనివారం నాడు చేతిసంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని, ప్రొద్దుటూరులో ఉన్న బావమరిదిని చూసి వస్తానని షేర్ ఆటో ఎక్కాడు. ఎదురు సీట్లో ముఖం తెలియని ఒకావిడ కూర్చుంది. ఆయన్ను రెండుసార్లు తేరిపార చూసి, "నువ్వు ఎలిసమ్మ కథ చెప్పిన తాతవు గదా?" అంది. "ఆమె పోయినంక ఆ గులాబీలకు నీళ్లెవరు పోస్తున్నరు?"

ఎవరు పోస్తున్నారో సాముయేలుకు అంతవరకు తోచలేదు. తోచగానే చెప్పాడు. పనిపిల్ల స్టేషన్ నుంచి తిరిగొచ్చి పోస్తున్నది, అన్నాడు. ఆవిడ ముఖం తేటపడింది. ఆ ముఖం చూస్తూ కూర్చున్న సాముయేలుకు ఒక విషయం అర్థమైంది. రేపు మూడు గంటలకు తాను బావమరిది మంచం మీద పడుకుని ఉంటే, భూపాల్ వాకిట్లో కూర్చుని ఎలిసమ్మను రెండోసారి చంపుతాడు. ఆమె తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు. మధ్యలో దిగి, అవతలి వైపు నుంచి వచ్చే ఆటో ఎక్కి ఇంటికి వచ్చాడు. అరుణమ్మ సంచీ అందుకుని, బట్టలు తీసి దండెం మీద వేసింది.

ఆదివారం వాకిలి నిండిపోయింది. భూపాల్ హోటల్ నుంచి సొంతంగా ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి ముందు వరసలో వేసుకున్నాడు. సాముయేలు తన కుర్చీలో నీలుక్కుని కూర్చున్నాడు. అరుణమ్మ ఎన్నడూ రానిది ఆ రోజు వచ్చి, ఆడవాళ్ల మధ్య ఒక పాలకూర కుప్ప ముందు వేసుకుంది. సాలమ్మ ఫోను కొత్తిమీరలో గుచ్చింది.

మూడయింది. అదే బంగళా, అదే తోట. ముసలావిడ నోరు తెరిచింది. ఆమె పేరు శ్రీమతి గ్రీవ్స్ అట.

"ప్రియమైన మేనల్లుడా, ఈ పాడు పడిశం నన్ను వదలడం లేదు," అని, కళ్లూ ముక్కూ తుడుచుకుంది.

సాలమ్మ చేతిలో దారం ఆగింది. "పడిశమా?"

తర్వాత వచ్చినవన్నీ దానికన్నా ఘోరమైనవి. శ్రీమతి గ్రీవ్స్‌కు అందరి గుట్టూ తెలుసు. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, నేను చెప్పినట్టు వినకపోతే నీ సంగతి ఊరంతా చాటుతానని బెదిరిస్తుంది. నల్లకోటువాడు పియానో మాస్టరు. తోటలో అడుగులు లెక్కపెట్టింది, ఆమె ఎక్కడో పాతిపెట్టిన తన పాత ఉత్తరం కోసం. పనిపిల్ల పనిపిల్ల కాదు, వాడి చెల్లెలు. గొడుగాయన కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, "మహాశయులారా, ఈ తేనీరు శంకించదగినది," అన్నాడు. అందులో విషం ఉంది. కలిపింది ఆ పిల్లే. పోలీసులు అన్నాచెల్లెళ్లను ఇద్దరినీ పట్టుకుపోయారు. సాక్ష్యం మాట ఎవరూ ఎత్తలేదు.

మూడున్నరకు సబ్బు ప్రకటన వచ్చింది. కొత్తిమీర కుప్ప మూడు గంటలకు ఎంత ఉందో అంతే ఉంది. కొత్తిమీరలోని ఫోను కూడా చప్పుడు చేయడం లేదు.

భూపాల్ లేచి నిలబడ్డాడు. "ఇన్నరు గదా అందరు. బ్రోకర్ ఉన్నడా అండ్ల? గజం జాగ మాటన్న వచ్చిందా? గా గులాబీలు ఎవ్వడు పెట్టిండు, మొగుడా, తోటమాలా?"

సాముయేలు కూడా లేచాడు. మోకాళ్లు చప్పుడు చేశాయి.

"బీరమ్మా, ఒక మాట చెప్పాలె. నాకు..."

"ఆగన్న," అంది బీరమ్మ. ఆమె ఇంకా టీవీ వైపే చూస్తోంది. "గీ తెలుగు చేసినోళ్లు ఎవలు?"

"ఎవలంటే, ఆ ఛానెలోళ్లే పెద్దమ్మా," అన్నాడు భూపాల్.

"ఇంగ్లీషు రానోళ్లను పెట్టుకున్నరు," అంది బీరమ్మ.

బీరమ్మ చేతిలోని దారం కింద పెట్టింది. "పడిశమట. పడిశానికి ముక్కు ఎర్రగైతది, కండ్లు కావు. మా అత్త పోయినప్పుడు నేనెట్లున్ననో గట్లనే ఉన్నది ఆమె. చూసినోళ్లకు తెల్వదా?"

"పియానో నేర్పేటోడు గట్లా నడిచేది?" అని సాలమ్మ అందుకుంది. "మడిమకు వేలు ఆనిచ్చి అడుగేసిండు. మొన్న మా చెల్క కొలిచినోడు గూడ బరాబర్ గట్లనే ఏసిండు. ఎతుక్కునేటోడు కిందికి చూసుకుంట పోతడు. వీడు ఎదురుంగ చూసుకుంట పోయిండు."

"ఆ పిల్ల చేతులు చూసిండ్రా?" అని ఇంకెవరో అన్నారు. "కాయలు గాచినయి. అన్న పియానో మాస్టరైతే చెల్లె చేతులు గట్లుంటయా?"

"గా పిల్ల కోసం మేం ప్రార్థన చేసినం," అంది బీరమ్మ, దాంతో సంగతి తేలిపోయినట్టు.

కొత్తిమీరలోంచి, "విషం గాదు, చక్కెరనే," అని చిన్న మంగళారం నుంచి పాండు తల్లి గొంతు వినిపించింది.

గొడుగాయన కూడా ఇంత గట్టిగా ఏ కేసూ తేల్చలేదు. అరుణమ్మ పాలకూర మీంచి తలెత్తి సాముయేలు వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు తట్టుకోవడం కన్నా ఒప్పుకోవడమే తేలిక.

"అందరు ఇనుండ్రి," అన్నాడు. "నాకు ఇంగ్లీషు రాదు. ఒక్క ముక్క రాదు. అంత నేను అల్లి చెప్పిన. ఎలిసమ్మ లేదు, గుంటలు లేవు, భూపాల్ మీద కోపంతోని బ్రోకర్లను పెట్టిన. తప్పయింది."

బీరమ్మ ఆయన్ను చాలాసేపు చూసింది. ఆమె కళ్లలో జాలి కనిపించింది.

"పొద్దుగాల పాస్టరయ్య గంటసేపు తగ్గింపు మనసు గురించి చెప్పిండు," అంది. "ఊరు మొత్తం మీద ఒక్కడన్న ఇన్నడు."

"అయ్యో, ఆయననే ఒప్పుకుంటున్నడు గదా పెద్దమ్మా," అన్నాడు భూపాల్, ఏడుపు గొంతుతో.

"నువ్వేమన్న బెదిరిచ్చినవో ఏమో. మూడింటి సంది చూస్తున్న, ఆ కుర్చీల కూసొని నవ్వుతనే ఉన్నవ్. పెద్దమనిషి నోటితోని గిసొంటి మాట అనిపిస్తరా?"

"నేను బెదిరిచ్చలే."

"నిజం చెప్తున్న బీరమ్మా," అన్నాడు సాముయేలు. "వాడేం అనలే."

"చూసినవా, ఇంకా నిన్నే ఎనకేసుకొస్తున్నడు," అని బీరమ్మ భూపాల్‌ను కసిరింది. "అన్నా, నువ్వు జర కూసో. ఆ టీవీవోళ్లకు ఒక ఉత్తరం రాయి. ఇంగ్లీషుల రాయి, అప్పుడు గాని వాళ్లకు సిగ్గు రాదు. తప్పు చేసిండ్రని, ఎలిసమ్మ గట్లాంటిది కాదని రాయి."

సండే స్కూల్ నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి తెచ్చారు. పెన్ను తెచ్చారు. పలకలా కింద పెట్టుకోవడానికి ఒక పీట తెచ్చారు. సాముయేలు పీట ఒళ్లో పెట్టుకుని, కాగితం మీద పెన్ను ఆనించి, దేవుడి మీద భారం వేశాడు.

దేవుడు కనికరించాడో, సిస్టర్లు కనికరించారో, పెన్ను తనంతట తానే కదిలింది. కాన్వెంటులో జ్వరం వచ్చిన ప్రతి పిల్లవాడూ చూడకుండా రాయవలసిన సెలవు చీటీ అది. యాభై ఎనిమిదేళ్ల కిందట నేర్చింది ఒక్క అక్షరం చెదరకుండా వేళ్లలోంచి దిగింది. గౌరవనీయులైన సిస్టర్‌కు, నాకు జ్వరం వచ్చినందున ఒక్కరోజు సెలవు దయచేయవలసిందిగా ప్రార్థన, మీ విధేయుడైన విద్యార్థి. సిస్టర్ అన్నచోట కొట్టేసి సార్ అని పెట్టాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్లకు కూడా ఆ చేతిరాత అందం కనిపించింది. వంకరలేని గుండ్రటి అక్షరాలు, సిస్టర్లు వేళ్ల మీద కొట్టి నేర్పినవి.

"చదివి చెప్పు," అంది బీరమ్మ.

సాముయేలు చదివాడు. ఇంత పెద్ద ఛానెల్ పెట్టుకుని కన్నీళ్లకు, పడిశానికి తేడా తెలియనివాళ్లను పనిలో పెట్టుకున్నందుకు ఆ ఉత్తరం ఛానెల్‌వాళ్లను కడిగేసింది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"భూపాల్, నువ్వు గూడ చదువు," అంది బీరమ్మ. "నువ్వు గూడ ఇంగ్లీషు తెలిసినోడివేనాయె, పొద్దాక ఫోన్ల మాట్లాడ్తనే ఉంటవ్. ఏమన్న తప్పుంటే ఇప్పుడే చెప్పు. మళ్ల ఎనక మాటలద్దు."

భూపాల్ కాగితం అందుకున్నాడు. అతనికి వచ్చిన ఇంగ్లీషు ఈస్ట్ ఫేసింగ్, క్లియర్ టైటిల్, గేటెడ్ కమ్యూనిటీ. ఈ మూడింట్లో ఒక్కటీ ఆ కాగితం మీద లేదు. పైనుంచి కిందికి చూశాడు. కింది నుంచి పైకి చూశాడు. తనకు చదవరాదంటే, సాముయేలు చెప్పిందంతా అబద్ధమని ఇందాక ఏ మొహంతో అన్నట్టు?

"బరాబరే రాసిండు," అన్నాడు.

"ఏమని రాసిండో చెప్పు మరి. సరిపోతదో లేదో చూస్తం."

వాకిట్లో అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యంగా చూసింది సాముయేలు. భూపాల్ గొంతు సవరించుకున్నాడు.

"ఏమున్నదంటే... అయ్యా, మీరు చేసింది మంచిగ లేదు. మా ఎలిసమ్మ బంగారమసొంటి మనిషి." ఆగాడు. ఆడవాళ్లు తలలు ఊపారు. అతని గొంతులో కొద్దిగా బలం వచ్చింది. "ఆమెకున్న జాగ పద్దెనిమిది గుంటలు అనుకుంటున్నరేమో, పూరా రెండెకరాలు. ఈస్ట్ ఫేసింగ్. బోరు ఉన్నది, కరెంటు ఉన్నది. మొగుడు పోయినంక ఒక్కతే కాపాడుకున్నది. గసొంటి అవ్వను పట్టుకొని పడిశం అంటరా?"

సాలమ్మ ముక్కు చీదింది. భూపాల్ కాగితం వైపు చూడటం మానేశాడు. చెయ్యి ఊపుతూ, ఎలిసమ్మ తెల్లవారుజామున లేచి గులాబీలతో మాట్లాడేదన్నాడు. ఆ మాట సాముయేలుకు పద్దెనిమిది వారాల్లో ఒక్కసారి కూడా తోచలేదు. కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇంకొకటి గూడ రాసిండు మా కాక," అని భూపాల్ ఊపిరి పీల్చుకున్నాడు. "బ్రోకర్లందరు గట్లాంటోళ్లు కారు, ఊర్లల్ల మంచోళ్లు గూడ ఉన్నరు అని రాసిండు."

వాకిట్లోని తలలన్నీ సాముయేలు వైపు తిరిగాయి.

"రాసినవా అన్న?"

సాముయేలు భూపాల్‌ను చూశాడు. భూపాల్ కాగితాన్ని మడతపెట్టి మళ్లీ విప్పుతున్నాడు.

"రాసిన," అన్నాడు సాముయేలు. "మూడో లైనుల."

ఉత్తరాన్ని బీరమ్మ మడిచి కవరులో పెట్టింది. మర్నాడు మెహిదీపట్నంలో కట్టలు దించాక పోస్టు డబ్బాలో తానే వేసింది.

తర్వాతి ఆదివారం మూడు గంటలకు గొడుగాయన రాలేదు. ఆ ఛానెల్లో క్రికెట్ మ్యాచ్ వేశారు. ఉత్తరం అందిందనీ, భయపడ్డారనీ, కథను మళ్లీ సరిగ్గా తెలుగు చేయించుకుంటున్నారనీ బీరమ్మ తేల్చింది. భూపాల్ దానికి తల ఊపి, ఇంగ్లీషు ఉత్తరం ముందు ఎవరైనా నిలవరన్నాడు. సాముయేలు మాత్రం ఆడవాళ్ల పక్కనే చతికిలబడి, వరస తప్పకుండా కొత్తిమీర ఏరుతున్నాడు. ఉత్తరంలో ఏముందో ఇంటికి పోయేదారిలోనే ఆయన దగ్గర కూపీ లాగిన అరుణమ్మ, దారం పళ్లతో తెంపి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఎన్ని రోజులు సెలవు అడిగినవ్?"

"ఒక్కరోజే."

"నెల రోజులు అడగకపోయినవా," అంది.